పాత వీహెచ్‌ఎస్ హారర్ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

“1980ల నాటి హారర్ క్యాసెట్ ఒకటి దొరికింది. ఆ సినిమా డిస్క్‌గా రాలేదు, ఆన్‌లైన్‌లోనూ లేదు. కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి?” పాత క్యాసెట్లు పోగుచేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. కొన్నాళ్లకు అదే మనిషి నుంచి రెండో ప్రశ్న వస్తుంది. “ఎక్కించాను గానీ కదిలిన చోటల్లా గీతలు, రాత్రి సీన్లన్నీ నల్లటి ముద్ద, సినిమా సగానికొచ్చేసరికి మాట ఒకచోట, పెదవి ఒకచోట. ఏం తప్పు చేశాను?” రెండింటికీ కలిపి ఇక్కడ జవాబు.

పెద్ద స్టూడియో సినిమాకు ఎక్కడో ఒక నెగటివ్ ఉంటుంది. నేరుగా వీడియో షాపుల కోసమే తీసిన చవక హారర్ సినిమాల సంగతి వేరు. చాలావాటికి మాస్టర్ టేపు ఏమైందో ఎవరికీ తెలియదు. పంపిణీ కంపెనీ మూతపడింది, షాపులో అద్దెకు తిరిగిన క్యాసెట్టే మిగిలింది. యేల్ యూనివర్సిటీ లైబ్రరీ 2015లో దాదాపు 2,700 వీహెచ్‌ఎస్ క్యాసెట్లను సేకరించి పెట్టుకుంది. వాటిలో ఎక్కువ భాగం హారర్, ఎక్స్‌ప్లాయిటేషన్ (సంచలనమే సరుకుగా తీసిన చవక) సినిమాలే. కాబట్టి కింద చెప్పే పనంతా ఒకే లెక్క మీద నడుస్తుంది. టేపును వీలైనన్ని తక్కువసార్లు తిప్పాలి. తిప్పినప్పుడు అందులో ఉన్నదంతా ఏమీ దిద్దకుండా తీసుకోవాలి. బాగుచేయడాలు ఏవైనా తర్వాత, వేరే ఫైలు మీద.

మొదలుపెట్టే ముందు ఆ సినిమా ఇప్పటికే డిస్క్‌గా వచ్చిందేమో వెతకండి. వినెగర్ సిండ్రోమ్, మాసకర్ వీడియో, ఇంటర్‌విజన్ లాంటి సంస్థలు ఎవరూ ఊహించని సినిమాలను కూడా తవ్వి తీశాయి. వచ్చి ఉన్నా మీ క్యాసెట్ వృథా కాదు. అందులోని ఎడిటింగ్, సంగీతం, ముందు వేసిన ట్రైలర్లు వేరుగా ఉండొచ్చు. ఇంకో మాట. సినిమా కనుమరుగైనంత మాత్రాన దాని హక్కులు పోవు. సొంతానికి కాపీ చేసుకోవడంపైనా, కాపీ రక్షణను దాటడంపైనా ఒక్కో దేశంలో ఒక్కో చట్టం ఉంది. మీ దేశంలో చట్టం ఏమంటుందో ముందే తెలుసుకోండి.

కావాల్సినవి

- వీసీఆర్. ఎస్-వీహెచ్‌ఎస్ రకం, లోపల లైన్ టీబీసీ (బొమ్మ గీతల వంకర, వణుకు సర్దే భాగం) ఉన్నదైతే మంచిది. జేవీసీ హెచ్‌ఆర్-ఎస్9600, 9800, 9900, పానసోనిక్ ఏజీ-1980 ఈ పనికి పేరున్నవి. వీసీఆర్‌ల తయారీలో చివరిదాకా ఉన్న ఫునై 2016లో ఆపేసింది. కాబట్టి మీకు దొరికేదేదైనా పాతదే. ఏజీ-1980 కొంటే కెపాసిటర్లు మార్చినదా అని అడిగి తీరాలి.
- ఎస్-వీడియో కేబుల్, ఆడియోకు ఎరుపు-తెలుపు ఆర్‌సీఏ కేబుల్.
- క్యాప్చర్ డివైస్. ఐఓ డేటా జీవీ-యూఎస్‌బీ2, హాపాగ్ యూఎస్‌బీ-లైవ్2 లాంటివి చాలు.
- వీసీఆర్‌లో టీబీసీ లేకపోతే మధ్యలో పెట్టడానికి పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 లేదా ఈఎస్15 డీవీడీ రికార్డర్. రికార్డింగ్ కోసం కాదు. సిగ్నల్ దాని గుండా వెళ్తే వంకరలు సర్దుకుంటాయి.
- గంటకు 30 నుంచి 40 జీబీ లెక్కన ఖాళీ ఉన్న డిస్క్. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్ వద్దు. ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయి ఉండాలి. ఫ్యాట్32 అయితే ఫైలు 4 జీబీ దగ్గర ఆగిపోతుంది.
- 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, షామీ తోలు పుల్లలు లేదా నూలుపోగు రాలని కాగితం, చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్.
- పోయినా బాధలేని ఒక క్యాసెట్. దీన్ని మర్చిపోవద్దు.

కొనకూడనిది కూడా ఒకటుంది. ఒకవైపు ఆర్‌సీఏ, రెండోవైపు హెచ్‌డీఎంఐ ఉన్న చిన్న పెట్టె. అది బొమ్మను సాగదీసి, రెండు ఫీల్డులనూ (ఒక ఫ్రేములోని బేసి, సరి గీతల సగాలు) మొరటుగా కలిపేసి ఇస్తుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ ఆ నష్టం పూడదు.

1. టేపు ఏ రకమో తేల్చుకోండి

ఒక్కో ప్రాంతంలో ఒక్కో టీవీ సిగ్నల్ పద్ధతి ఉండేది. అమెరికా, కెనడా, జపాన్ క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ. బ్రిటన్, పశ్చిమ యూరప్, ఆస్ట్రేలియా క్యాసెట్లు ఎక్కువగా పాల్. ఆ సిస్టమ్‌కే తయారైన వీసీఆర్ వాడండి. పాల్ వీసీఆర్‌లు కొన్ని ఎన్‌టీఎస్‌సీ టేపును ‘పాల్-60’ అనే కలగాపులగం సిగ్నల్‌గా ఇస్తాయి. టీవీలో బాగానే కనిపిస్తుంది. క్యాప్చర్ డివైస్‌లో మాత్రం రంగు ఎగిరిపోయి నలుపు-తెలుపు వస్తుంది.

తర్వాత వేగం. ఎన్‌టీఎస్‌సీలో ఎస్‌పీ (మామూలు) వేగం సెకనుకు 33.35 మి.మీ., ఈపీ (అతి నిదానం) వేగం అందులో మూడో వంతు. ఎల్‌పీ ఈ రెండింటి మధ్యది. చవక లేబుళ్లు టేపు ఆదా చేయడానికి 90 నిమిషాల సినిమాను ఎల్‌పీలోనో ఈపీలోనో ముద్రించి అమ్మేవి. ఈపీలో వీడియో ట్రాకు వెడల్పు 19 మైక్రాన్లే, ఎస్‌పీలో 58. అందుకే ఈపీ టేపు ఒక వీసీఆర్‌లో అస్సలు నిలవదు, ఇంకోదాంట్లో శుభ్రంగా ఆడుతుంది. ఎస్‌పీకి జేవీసీ మంచిదే గానీ, ఈపీ టేపు దాంట్లో ఇబ్బంది పెడితే పానసోనిక్‌లో వేసి చూడండి.

ఒకే సినిమాకు రెండు దేశాల క్యాసెట్లు దొరికితే, అమెరికాలో వీడియో కెమెరాతో తీసిన సినిమాకు ఎన్‌టీఎస్‌సీ క్యాసెట్టే తీసుకోండి. పాల్ కాపీ సిస్టమ్ మార్పిడి యంత్రం గుండా వచ్చి ఉంటుంది. కదిలే ప్రతిదాని వెనకా దాని నీడ ఒకటి కనిపిస్తుంది, అది ఏ ఫిల్టర్‌కూ పోదు. ఫిల్మ్ మీద తీసినదైతే పాల్ కాపీకి 576 గీతలు, కాబట్టి అదే మెరుగ్గా ఉండే అవకాశం ఉంది.

2. క్యాసెట్‌ను పరీక్షించండి

కిటికీలోంచి టేపు చుట్ట అంచులు చూడండి. నల్లగా, నున్నగా ఉండాలి. తెల్లటి పొడి, బూడిదరంగు మచ్చలు, సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు. బూజు పట్టిన క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టొద్దు. ఆ బూజు హెడ్‌కు (టేపును చదివే భాగం) అంటుకుని, తర్వాత వేసే ప్రతి టేపుకూ పాకుతుంది. దొరుకుతున్న ఒకే ఒక్క కాపీ అదైతే టేపుల పునరుద్ధరణ చేసేవాళ్లకు అప్పగించండి.

పక్కనున్న చిన్న మీట నొక్కి ముందు తలుపు ఎత్తండి. ముడతలు, మడత పడిన అంచు ఉన్నాయేమో చూడండి. బయటికి కనిపించే వైపే బొమ్మ ఉండే వైపు, కాబట్టి వేలితో ముట్టుకోవద్దు.

ఇంట్లో ఎవరో డబ్ చేసిన కాపీ అయితే వెనక అంచున రికార్డింగ్ నిరోధక ముక్క విరిగి ఉందో లేదో చూసి, విరగకుండా ఉంటే విరగ్గొట్టేయండి. ఒక్క తప్పు బటన్‌తో సినిమా చెరిగిపోకుండా ఇదే కాపలా.

చల్లటి చోటు నుంచి తెచ్చిన క్యాసెట్‌ను ఒక రోజు గదిలో ఉంచి, ఆ తర్వాతే తిప్పండి. టేపు బాగుందనిపిస్తే ఆడించే ముందు ఒకసారి చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్, మళ్లీ మొదటికి రివైండ్. ఏళ్లతరబడి కదలని చుట్ట బిగువు సమానమవుతుంది. ఈ దశలోనే కీచుమని శబ్దం వచ్చినా, వేగం తగ్గిపోయినా ఆపేయండి. టేపు మీది జిగురు పాడై ఉండొచ్చు. అలాంటి టేపును వంటింటి ఓవెన్‌లో వేడిచేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. చేయకండి.

టేపు తెగి ఉంటే: క్యాసెట్ అడుగున 5 స్క్రూలు ఉంటాయి. అవి తీసి, రెండు భాగాలనూ కలిపి పట్టుకుని, కిటికీ పైకి ఉండేలా తిప్పాకే పైభాగం ఎత్తాలి. స్ప్రింగులు ఎగరకముందే టేపు వెళ్లే దారిని ఫోటో తీసుకోండి. అతుకు టేపు వెనకవైపు, అంటే లోపలివైపు, స్ప్లైసింగ్ టేపుతో వేయాలి. మామూలు సెలోటేపు జిగురు కారి హెడ్‌ను పాడుచేస్తుంది. నలిగిన ముక్కను కత్తిరించి పారేసే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి: ఎన్‌టీఎస్‌సీ ఎస్‌పీలో 3.3 సెం.మీ. టేపు అంటే ఒక సెకను సినిమా. ఈపీలో 1.1 సెం.మీ.కే సెకను పోతుంది. ఇంకా మంచి దారి, అతుకు అసలు వేయకుండా రెండు ముక్కలనూ రెండు ఖాళీ డొక్కుల్లోకి ఎక్కించి విడివిడిగా క్యాప్చర్ చేయడం. తిరిగే హెడ్ మీదుగా అతుకు పోతే హెడ్ విరిగే ప్రమాదం ఉంది.

3. వీసీఆర్‌ను శుభ్రం చేసి, పనికిరాని టేపుతో పరీక్షించండి

ప్లగ్ తీసేసి మూత విప్పండి. షామీ పుల్లను ఆల్కహాల్‌తో తడిపి డ్రమ్‌కు (హెడ్‌లున్న, తిరిగే గుండ్రటి భాగం) ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్‌ను పైనుంచి మెల్లగా తిప్పండి. పుల్లను పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరిగిపోతుంది. చెవులు తుడుచుకునే దూది పుల్లలు అసలు వాడొద్దు, పోగు ఇరుక్కుంటుంది. టేపు తాకే మిగతా స్తంభాలు, ఆడియో హెడ్ కూడా తుడిచి, బాగా ఆరనివ్వండి.

పక్కన పెట్టుకున్న పాత క్యాసెట్‌ను ముందు, మధ్య, చివర కొంచెం కొంచెం ఆడించండి. బయటికి తీసి టేపు నలిగిందేమో చూడండి. వీసీఆర్ దాన్ని తినకపోతేనే అసలు క్యాసెట్ పెట్టండి.

4. కనెక్షన్, వీసీఆర్ మెనూ

వీసీఆర్ నుంచి ఎస్-వీడియో నేరుగా క్యాప్చర్ డివైస్‌కు. మధ్యలో డీవీడీ రికార్డర్ ఉంటే వీసీఆర్ నుంచి రికార్డర్‌కు, రికార్డర్ నుంచి డివైస్‌కు. ఆడియోను మాత్రం రికార్డర్‌లోకి పంపకుండా వీసీఆర్ నుంచే డివైస్‌కు కలపొచ్చు. వీసీఆర్‌కు పసుపు కాంపోజిట్ ఒక్కటే ఉంటే అదే వాడండి. కాస్త రంగుల పాకుడు కనిపిస్తుంది, అంతే.

వీసీఆర్ మెనూలో మూడు సంగతులు:

నీలి తెర ఆపేయండి. సిగ్నల్ బలహీనపడినప్పుడల్లా వీసీఆర్ నీలం వేసేస్తుంది. ఆ కింద కాస్తో కూస్తో బొమ్మ ఉండొచ్చు, అది మనకు కావాలి.

పిక్చర్ మోడ్ ‘ఎడిట్’ లేదా ‘నార్మల్’ పెట్టండి. ‘షార్ప్’ వద్దు. టీబీసీ ఉంటే ఆన్ చేయండి, కానీ పై అంచు వణుకుతుంటే ఒకసారి ఆపి చూడండి. బాగా అరిగిన టేపును టీబీసీ కొన్నిసార్లు మరింత చెడగొడుతుంది.

ఆడియో హై-ఫైలో (తిరిగే హెడ్‌లు చదివే స్టీరియో ట్రాకు) ఉంచి వినండి. బర్రుమనే శబ్దం వస్తూ పోతూ ఉంటే ‘నార్మల్’ లేదా ‘మోనో’కు మార్చండి. అప్పుడు టేపు అంచున ఉన్న లీనియర్ ట్రాకు వినిపిస్తుంది. చవక సినిమాల క్యాసెట్లలో చాలావాటికి ఉన్నది ఆ ఒక్క ట్రాకే.

ట్రాకింగ్‌ను (హెడ్ సరిగ్గా ట్రాకు మీదే నడిచేలా చేసే సర్దుబాటు) ఆటోకు వదిలేయకుండా ఒక సీన్ మీద చేత్తో సర్దండి. బొమ్మ బాగున్న చోటే ఆడియో కూడా బాగుండాలని లేదు. హై-ఫై బర్రు ట్రాకింగ్‌ను ఒకటి రెండు మెట్లు జరిపితే పోవచ్చు.

5. చీకటి, వెలుతురు సర్దడం

ఈ తరహా సినిమాల్లో ఎక్కువ క్యాప్చర్లు చెడేది ఇక్కడే. సగం సినిమా రాత్రి, ఒకే ఒక్క లైటు. డివైస్ మొదటి నుంచీ పెట్టుకుని వచ్చే విలువలతో ఎక్కిస్తే చీకట్లోని వివరం కట్ అయిపోతుంది. కొందరు కంటికి కనిపించాలని బ్రైట్‌నెస్ పెంచుతారు, అప్పుడు టార్చి వెలుగు, తెల్లటి టైటిళ్లు కట్ అవుతాయి.

వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌ను క్యాప్చర్ మోడ్‌లో తెరవండి. వీడియో మెనూలో హిస్టోగ్రామ్ (బొమ్మలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూపే ఏర్పాటు ఉంది, అది పెట్టండి. బొమ్మ చుట్టూ ఉన్న నల్ల అంచులు, అడుగున కొట్టుకునే హెడ్ స్విచింగ్ గీతలు లెక్కలోకి వస్తే హిస్టోగ్రామ్ తప్పు చెబుతుంది. అందుకే క్రాపింగ్‌తో వాటిని తాత్కాలికంగా కప్పండి. ఇప్పుడు సినిమాలో అతి చీకటి సీను ఒకటి, అతి వెలుతురు సీను ఒకటి ఆడిస్తూ డివైస్ బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ జరపండి. నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉండాలి. రెండు చివర్లలో ఎర్ర గుర్తు కనిపించకూడదు. కొంచెం చప్పగా కనిపించినా ఫర్వాలేదు, తర్వాత పెంచుకోవచ్చు. కట్ అయిపోయినదాన్ని వెనక్కి తేలేం.

సర్దాక క్రాపింగ్ తీసేయండి. చాలామంది ఇది మర్చిపోయి కోసేసిన బొమ్మనే ఎక్కిస్తారు.

6. క్యాప్చర్

అమరికలు: ఎన్‌టీఎస్‌సీకి 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు. పాల్‌కు 720×576, 25 ఫ్రేములు. రంగు ఫార్మాట్ వైయూవై2. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) హఫ్‌వైయూవీ లేదా లగరిత్, రెండూ నష్టం లేని కుదింపులే. ఆడియో 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, కుదించకుండా. డీఇంటర్‌లేస్ (ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చడం), నాయిస్ తగ్గింపు లాంటివి ఏవైనా టిక్ పెట్టి ఉంటే తీసేయండి.

వర్చువల్‌డబ్ మీ డివైస్‌తో మొండికేస్తే అమరెక్‌టీవీ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ఓబీఎస్ తేలికే గానీ, అది ఇంటర్‌లేస్డ్ (ఫీల్డులుగా ఉన్న) వీడియోను అలాగే దాచడానికి తయారైంది కాదు.

కంప్యూటర్ నిద్రపోకుండా, స్క్రీన్‌సేవర్ రాకుండా చూడండి. యాంటీవైరస్ స్కాన్, అప్‌డేట్లు ఆపండి. 5 నిమిషాలు ఎక్కించి, ఆపి, చూసి, అంతా బాగుంటే మొదటికి రివైండ్ చేసి ఒకే విడతలో మొత్తం తీసుకోండి. హెచ్చరిక కార్డులు, కంపెనీ లోగో, ట్రైలర్లు వదిలేయొద్దు. ఒక్కోసారి మాయమైన ఇంకో సినిమాకు మిగిలిన ఆనవాలు ఆ ట్రైలరే అవుతుంది. ఎండ్ టైటిళ్లు అయ్యాక కూడా టేపు దానంతటదే ఆగేదాకా ఆగండి.

కింద కనిపించే ‘డ్రాప్ అయిన’, ‘ఇన్సర్ట్ అయిన’ ఫ్రేముల లెక్క మీద కన్నేసి ఉంచండి. గంటన్నరకు ఒకటి రెండు అయితే సరే. నిమిషానికి ఒకటి చొప్పున పెరుగుతుంటే ఆపేయండి. ఆ లెక్కతో ఎక్కిస్తే మాట-పెదవి కలవడం జరగని పని. కారణం దాదాపు ఎప్పుడూ సిగ్నల్ నిలకడ లేకపోవడమే. డీవీడీ రికార్డర్‌ను మధ్యలో పెట్టి మళ్లీ చూడండి.

సాహసం ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. వీహెచ్‌ఎస్-డీకోడ్ పద్ధతిలో వీసీఆర్ హెడ్ నుంచి వచ్చే ముడి రేడియో సిగ్నల్‌నే పట్టుకుని, బొమ్మను సాఫ్ట్‌వేర్‌లో తయారుచేస్తారు. విడిగా టీబీసీ అక్కర్లేదు. కానీ వీసీఆర్ బోర్డు మీద వైరు అతకాలి, ఫైళ్లు భారీగా ఉంటాయి, డీకోడ్‌కు గంటలు పడుతుంది. మొదటి క్యాసెట్‌కే ఇది వద్దు.

7. వచ్చింది సరిగ్గా ఉందా?

టేపు ఇంకా వీసీఆర్‌లో ఉండగానే చూసుకోండి.

మాట-పెదవి: మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో చోట తలుపు కొట్టిన చప్పుడు, గొడ్డలి దెబ్బ లాంటి స్పష్టమైన శబ్దం వెతికి బొమ్మతో కలిసిందో లేదో చూడండి. మూడుచోట్లా ఒకే తేడా ఉంటే తర్వాత జరిపితే సరిపోతుంది. తేడా పెరుగుతూ పోతే ఫ్రేములు పోయినట్టు, మళ్లీ ఎక్కించాలి. అయితే ఈ సినిమాల్లో డబ్బింగే తప్పుగా ఉండటం మామూలు. ఒక్క సంభాషణ చూసి తీర్పు ఇవ్వొద్దు.

తెల్ల చుక్కలు, మెరుపు గీతలు: అదే అర నిమిషం ముక్కను రెండోసారి ఎక్కించి పోల్చండి. చుక్కలు అదే చోట ఉంటే లోపం టేపులోనో, కంపెనీ కాపీ తీసిన మాస్టర్‌లోనో ఉంది. వేరే చోట్లకు మారితే హెడ్ మురికిగా ఉంది. అరుదైన టేపుకు, చుక్కలు మారుతూ ఉంటే, మూడుసార్లు ఎక్కించి ఎవైసింత్‌లో (స్క్రిప్టులతో వీడియోను మార్చే సాఫ్ట్‌వేర్) మూడింటి మధ్యస్థం తీస్తే చాలా చుక్కలు మాయమవుతాయి. మూడు ఫైళ్లూ ఫ్రేముకు ఫ్రేము కలవాలి, అదే కష్టం.

నిడివి: పెట్టె మీద 90 నిమిషాలని ఉండి, పాల్ క్యాసెట్ 86 నిమిషాల 24 సెకన్లకే అయిపోతే సెన్సార్ కోసేసిందని అనుకోవద్దు. 24 ఫ్రేముల ఫిల్మును పాల్‌లో 25 వేగంతో నడుపుతారు, 4 శాతం తగ్గుతుంది. ఇదే లెక్క వీడియోతో తీసిన అమెరికా సినిమాకు వర్తించదు. మార్పిడి యంత్రం నిడివిని మార్చదు కాబట్టి అక్కడ 4 నిమిషాలు తగ్గితే నిజంగానే కోత పడి ఉండొచ్చు. బ్రిటన్‌లో వీడియో రికార్డింగ్స్ చట్టం 1984లో వచ్చింది. దానికి ముందు, సర్టిఫికెట్ లేకుండా అమ్మిన క్యాసెట్లకూ తర్వాతి వాటికీ ఇలాంటి తేడాలు బాగా కనిపిస్తాయి.

8. గీతలు తీయడం: ముందు ఆ సినిమా దేనితో తీశారో తేల్చండి

ఇక్కడి నుంచి అంతా కాపీ మీదే. అసలు క్యాప్చర్ ఫైలును ముట్టుకోవద్దు.

కదిలే చోట దువ్వెన పళ్లలా గీతలు కనిపించడం తప్పు కాదు. ప్రతి ఫ్రేములో రెండు ఫీల్డులు ఉంటాయి, రెండూ వేర్వేరు క్షణాలవి. వాటిని ఎలా విప్పాలన్నది సినిమా పుట్టుకను బట్టి ఉంటుంది. ఏ సినిమాకైనా ఒకే ఫిల్టర్ వేసేయడమే ఈ పనిలో అన్నిటికంటే మామూలు తప్పు.

బాగా కదలిక ఉన్న సీన్‌లో ఒక్కో ఫ్రేమే ముందుకు జరపండి.

ప్రతి ఫ్రేములోనూ పళ్లు ఉంటే అది వీడియో కెమెరాతో తీసిన సినిమా. 1983 నాటి ‘స్లెడ్జ్‌హామర్’, 1985 నాటి ‘బ్లడ్ కల్ట్’ ఈ కోవలోవే. ఎవైసింత్‌లో క్యూటీజీఎంసీ (డీఇంటర్‌లేస్ స్క్రిప్టు) వేసి సెకనుకు 59.94 ఫ్రేములు (పాల్‌కు 50) తీయండి. 29.97కు కుదిస్తే సగం కదలిక పారేసినట్టే. వీడియో సినిమాకు ఉండే ఆ నున్నటి, పక్కింటి పెళ్లి క్యాసెట్ లాంటి కదలికే దాని రూపం. ఫిల్ము లుక్ తేవాలని 24కు మార్చడం మరీ అన్యాయం.

మూడు శుభ్రమైన ఫ్రేములు, రెండు పళ్లున్న ఫ్రేములు, మళ్లీ మూడు, మళ్లీ రెండు ఇలా వస్తుంటే అది ఫిల్ము నుంచి ఎన్‌టీఎస్‌సీకి మార్చినది. దీనికి డీఇంటర్‌లేస్ కాదు, ఇన్వర్స్ టెలిసినీ (మార్చేటప్పుడు చేరిన అదనపు ఫీల్డులను తీసేయడం) కావాలి. ఎవైసింత్‌లోని టీఎఫ్‌ఎం, టీడెసిమేట్ ఫిల్టర్ల జంట 23.976 ఫ్రేములు తిరిగి ఇస్తుంది.

పాల్‌లో పళ్లే లేకపోతే అది ఫిల్మే. ఏమీ చేయనక్కర్లేదు. ఫిల్ము మీద తీసినదే అయినా ఫీల్డులు ఒక ఫీల్డు అటూ ఇటూ జరిగి జతకట్టి ఉంటే మాత్రం ఫీల్డ్ మ్యాచింగ్ (సరైన ఫీల్డులను మళ్లీ జతచేయడం) చాలు.

చిక్కు మూడో రకంతో. సూపర్ 8 మీదో 16 ఎంఎం మీదో తీసి, వీడియోలోకి మార్చి, అక్కడే ఎడిట్ చేసిన సినిమాలు. సూపర్ 8 మీద తీసిన 1989 నాటి కెనడా సినిమా ‘థింగ్స్’ లాంటి వాటిని తెరిచేటప్పుడు దీనికి సిద్ధంగా ఉండండి. ఇలాంటి వాటిలో ప్రతి కట్ దగ్గరా మూడు-రెండు వరుస తెగిపోతుంది. టైటిళ్లు, డిజాల్వ్‌లు (ఒక సీను మరోదాంట్లోకి కరిగిపోవడం) వీడియోలో వేసి ఉంటే అవి వేరే వరుసలో నడుస్తాయి. వరుసను ముందే స్థిరంగా అనుకునే పాత ప్లగిన్‌లు ఇక్కడ బోల్తా పడతాయి. టీఎఫ్‌ఎం కట్‌లను తట్టుకుంటుంది గానీ డిజాల్వ్‌ల దగ్గర కుదుపు మిగలొచ్చు. తేల్చుకోలేకపోతే మొత్తం సినిమాకు క్యూటీజీఎంసీ వేసి 59.94లో ఉంచేయండి. ఫైలు పెద్దదవుతుంది, ఏదీ పోదు.

ఫీల్డ్ వరుస సరిచూసుకోండి. అనలాగ్ క్యాప్చర్‌లో మామూలుగా పై ఫీల్డ్ ముందు, డీవీ ఫైళ్లలో కింది ఫీల్డ్ ముందు. తప్పు పెడితే నడిచే మనిషి రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేస్తూ వణుకుతాడు. చూసిన వెంటనే తెలిసిపోతుంది.

9. చూసుకోవడానికి ఒక కాపీ

అడుగున కొట్టుకునే గీతలను కోసి సాగదీయకుండా, ఆ మేర నలుపు కప్పండి. రెండు పక్కలా 8 పిక్సెళ్లు తీస్తే 704 మిగులుతుంది. ఎన్‌టీఎస్‌సీని 640×480కి, పాల్‌ను 768×576కి మారిస్తే 4:3 నిష్పత్తి సరిగ్గా వస్తుంది. వెడల్పు తెర నిండాలని 16:9కి లాగొద్దు. ఎచ్.264 కోడెక్‌లో సీఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె, చిన్నదైతే నాణ్యత ఎక్కువ) 16 నుంచి 18 మధ్య పెట్టండి. చీకటి సీన్లలోని నాయిస్‌కు బిట్లు బాగా పడతాయి. బిట్లు తక్కువైతే నీడలన్నీ గళ్లుగళ్లుగా విడిపోతాయి.

ఎర్ర రక్తం పక్కకు పాకినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. వీహెచ్‌ఎస్‌లో రంగుకు దక్కే వివరం అడ్డంగా 40 గీతలంత మాత్రమే, నలుపు-తెలుపుకు 240. రంగు మొత్తం ఒకవైపు జరిగి ఉంటే క్రోమా షిఫ్ట్ (రంగును మాత్రమే జరిపే ఫిల్టర్) తో సర్దొచ్చు. చెదిరినదాన్ని కూడగట్టలేం.

నాయిస్ తగ్గింపు చాలా తక్కువ మోతాదులో వేయండి. ముందూ తర్వాతా ఫ్రేములను పక్కపక్కన పెట్టి, చీకటి గోడ మీది ఆకృతి, ముఖం మీది మేకప్ గరుకు మిగిలాయో లేదో చూడండి. ఏఐ అప్‌స్కేలర్ల జోలికి పోకపోవడం మేలు. 240 గీతల మసక ముఖానికి అవి లేని కళ్లు, లేని పళ్లు గీసిపెడతాయి. ముసుగు హంతకుడికి ముక్కు మొలిచిన సందర్భాలు కూడా ఉంటాయి.

లక్షణాలు, కారణాలు

బొమ్మ పై అంచు జెండాలా పక్కకు ఊగుతోంది: టేపు బిగువు తేడా. లైన్ టీబీసీ లేదా ఈఎస్10/ఈఎస్15 పరిష్కారం.

వెలుతురు మెల్లగా పెరుగుతూ తగ్గుతూ ఉంది, లేదా డివైస్ ‘కాపీ రక్షణ’ అని ఆగిపోయింది: మాక్రోవిజన్ కావొచ్చు. 1980ల మధ్య నుంచి వాడుకలోకి వచ్చిన ఈ రక్షణకు డబ్బు కట్టాలి, చిన్న లేబుళ్లలో చాలావి కట్టలేదు. అరిగిన టేపు నాయిస్‌ను కూడా కొన్ని డివైస్‌లు మాక్రోవిజన్‌గా పొరబడతాయి. ముందు ట్రాకింగ్, హెడ్ శుభ్రత, టీబీసీ సర్ది చూడండి. నిజంగానే రక్షణ అయితే పైన చెప్పిన చట్టం సంగతి మీకు వర్తిస్తుంది.

బొమ్మ ఉంది, రంగు లేదు: సిస్టమ్ తప్పు ఎంచుకున్నారు, లేదా పాల్-60, లేదా ఎస్-వీడియో ప్లగ్‌లో ఒక పిన్ను వంగింది.

ఒకే ఎత్తులో అడ్డంగా మంచు పట్టీ, ట్రాకింగ్‌తో పోవడం లేదు: టేపు దారిలోని గైడు జరిగింది. వేరే టేపులు బాగా ఆడుతుంటే మాత్రం, మీ టేపును మొదట రికార్డు చేసిన యంత్రమే వంకర. ఇంకో వీసీఆర్‌లో వేయండి.

హఠాత్తుగా బొమ్మంతా మంచు, ఆడియో బాగుంది: హెడ్ మూసుకుపోయింది. వెంటనే ఆపి శుభ్రం చేయండి. టేపు పొర రాలుతోందనడానికి కూడా ఇది గుర్తు. పుల్లకు గోధుమరంగు పొడి దండిగా అంటితే ఆ టేపును ఇక తిప్పొద్దు.

దాచడం

అసలు క్యాప్చర్ ఫైలు, చూసుకునే కాపీ, క్యాసెట్ పెట్టె అన్ని వైపులా తీసిన స్కాన్లు, లేబుల్ ఫోటో, ఒక చిన్న టెక్స్ట్ ఫైలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో. టెక్స్ట్ ఫైలులో కేటలాగ్ నంబరు, దేశం, వేగం, వాడిన వీసీఆర్, డివైస్, డ్రాప్ అయిన ఫ్రేముల లెక్క రాయండి. చోటు చాలకపోతే హఫ్‌వైయూవీని ఎఫ్‌ఎఫ్‌వీ1కి మార్చుకోవచ్చు, నష్టం లేకుండా సైజు తగ్గుతుంది. ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలు చెడిందో లేదో పట్టిచ్చే కోడు) తీసి పక్కనే ఉంచి, రెండు వేర్వేరు డిస్కుల్లో కాపీలు పెట్టండి. ఒకటి వేరే ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. ఏడాదికోసారి చెక్‌సమ్ మళ్లీ సరిచూడండి.

క్యాసెట్‌ను పూర్తిగా రివైండ్ చేసి, నిలువుగా, నిండు చుట్ట కిందివైపు ఉండేలా నిలబెట్టండి. స్పీకర్లకు, తడికి, ఎండకు దూరంగా పెట్టండి. ఎక్కించేశాం కదా అని పారేయొద్దు. ఇంతకంటే మంచి వీసీఆర్ దొరికిన రోజున అదే మళ్లీ కావాలి.